బస్తరు యువకులు - తెరమీది హింస

హింసాత్మకములగు చలనచిత్రములును వీడియో క్రీడలును యువకులను క్రూరులను చేయుచున్నవను వాదము నేడు తరచుగ వినవచ్చుచున్నది. బస్తరు చరిత్రము ఈ వాదమునకు లొంగదు.

వెరియర్ ఎల్విన్ 1943లో ప్రకటించిన గ్రంథమున మాడియాలలో జరిగిన నూరు హత్యలను పరిశీలించెను. సినిమాకు చోటులేని బ్రదుకులవి. అతడు కనుగొన్న కారణములు మద్యము, ఆస్తి తగవులు, అసూయ, చేతబడి యనుమానము, తుదకు అలసట కూడ. అలసటను హత్యాకారణముగ గుర్తించుటకు కథకుని కన్ను కావలెను!

అట్లని దృశ్యప్రభావము బొత్తిగ లేదనరాదు. అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుల సంఘము 2020లో చేసిన తీర్మానము ప్రకారము హింసాక్రీడలకును, అరచుట, త్రోయుట వంటి దుడుకుతనమునకును స్వల్పసంబంధము కలదు. ఘోరహింసను వానికి ముడిపెట్టుటకు ఆధారము చాలదు.

బస్తరు యువకుల చేతికి వచ్చినది నిజమైన తుపాకి. 2005లో సల్వాజుడుం ఆరంభమైన పిమ్మట పెక్కురు గిరిజన యువకులు నెలకు 3000 రూపాయల భృతిపై ప్రత్యేక పోలీసు అధికారులైరి. మావోయిస్టు దళములును పిన్నవయస్కులను చేర్చుకొనెను. ఐదవ తరగతి చదువు చాలునని వారిని పోరునకు నియమించుట రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, ఆయుధములను వెనుకకు తీసికొనుమనెను. అప్పటికే వేలాది కుటుంబములు నాటి ఖమ్మము జిల్లా యడవులకు వలస వచ్చియుండెను. ఆ గుత్తికోయల బిడ్డలు నేడు తెలుగునాటనే పెరుగుచున్నారు.