పెంచుకున్న పిల్లి పోతే పిల్లలకు ఏం చెప్పాలి? తెచ్చుకునే ముందు ఏం చూసుకోవాలి?

బంటుమిల్లి: ఇంట్లో పెంచుకున్న పిల్లి చనిపోతే పెద్దవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే. "పిల్లే కదా, ఇంకోటి తెచ్చుకుందాంలే!" పదేళ్ల పిల్లాడికి ఆ మాట ఎక్కదు. రాత్రి తన దుప్పటి మీద పడుకున్నది ఇప్పుడు లేదు. అన్నం పెడితే ముట్టడు, అడిగితే మాట్లాడడు. "దీనికి కూడా ఏడుస్తారా" అని చుట్టాలు నవ్వుతారు.

ఏడవచ్చు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ చిన్నపిల్లాడు. ఆడుకునే చిన్న పిట్ట ఒకటి ఉండేది. అది చనిపోయి దిగులుగా కూర్చున్నప్పుడు ప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చారు. పిల్లాడు ఎందుకలా ఉన్నాడని అడిగి తెలుసుకున్నారు. తర్వాత అతన్ని పేరుపెట్టి పిలిచి, పిట్ట సంగతి అతన్నే అడిగారు. అబూ ఉమైర్ ప్రస్తావన బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది, పిట్ట చనిపోయిన వివరం అబూ దావూద్‌లో కనిపిస్తుంది. "పిట్టే కదా" అని అక్కడ ఎవరూ తీసిపారేయలేదు.

ఇక తెచ్చుకోవడం గురించి. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ లాంటి సంస్థలు వదిలేసిన, గాయపడిన జంతువులను చేరదీసి దత్తత ఇస్తాయి. వీధికుక్కల మీద సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వుల్లోనూ దత్తత మాట ఉంది. కావాలన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకుని తీసుకెళ్లొచ్చు, అయితే ఆ కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదే.

బంటుమిల్లి లాంటి ఊళ్లో షెల్టర్ బోర్డు వెతికితే దొరకదు. మన దగ్గర దత్తత అంటే ధాన్యం బస్తాల వెనక ఈనిన పిల్లి కూనలు, చేపల మార్కెట్ దగ్గర తిరిగేవి, రొయ్యల చెరువు గట్టున ఎవరో వదిలేసి పోయిన కుక్కపిల్లలు. పేరు ఏదైనా పని అదే. ఆకలికీ చావుకీ వదిలేసినట్టుగా జంతువును వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఈ సంగతి చాలామందికి తెలీదు.

పిల్లి విషయంలో మన ఇళ్లలో పెద్దగా అభ్యంతరం ఉండదు. అది ముట్టిన నీళ్లతో వుజూ చేయొచ్చని చెప్పే హదీసు ఉంది. పిల్లిని అమ్మిన సొమ్ము విషయంలో మాత్రం ఉలమాల మధ్య భేదం ఉంది. కాబట్టి వేలు పోసి పర్షియన్ పిల్లిని కొనేకంటే అనాథ కూనను తెచ్చుకుంటే ఆ చర్చే రాదు. కుక్క సంగతి వేరు. కాపలాకు, మందకు, వేటకు అనుమతి ఉంది, దాని లాలాజలం విషయంలో జాగ్రత్త తప్పదు. చెరువు గట్టున కాపలాకు ఉంచుకునేవాళ్లు మిగతా వివరాలు తమ ఇమామ్ సాబ్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది.

ఉచితంగా వచ్చిన పిల్లి ఉచితంగా బతకదు. ఇంట్లో జాగ్రత్తగా పెంచితే 12 నుంచి 15 ఏళ్లు ఉంటుంది. అంటే ఐదో తరగతి పిల్లాడు "నేనే చూసుకుంటా అమ్మీ" అని మాటిస్తే, వాడు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగానికి వెళ్లాక కూడా దానికి తిండి పెట్టేది అమ్మీయే. టీకాలు, నులిపురుగుల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఇవన్నీ ముందే లెక్క వేసుకోవాలి. ఆపరేషన్ ఐదారు నెలల వయసులో చేయిస్తారు. దాన్ని వాయిదా వేస్తే ఏడాది తిరిగేలోపు ఇంటి నిండా కూనలే, మళ్లీ బస్తాల వెనక వదిలెయ్యడమే. పెద్ద వైద్యం కావాలంటే మన జిల్లాలోనే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

డెల్టాలో పిల్లులను ఎక్కువ భయపెట్టేది ఎలుకల మందు. చేలల్లో మందు తిన్న ఎలుకను పిల్లి తింటే ఆ విషం దీనికీ ఎక్కుతుంది. కొన్ని మందులతో రెండు మూడు రోజుల తర్వాత లోపల రక్తం కారడం మొదలవుతుంది. వెంటనే చూపిస్తే విటమిన్ కె తో బతికించే అవకాశం ఉంది, కాబట్టి మందు డబ్బా దొరికితే డాక్టర్ దగ్గరకు పట్టుకెళ్లాలి. ఇంకొకటి, ఒళ్లు వెచ్చగా ఉందని పారాసిటమాల్ ముక్క అస్సలు వెయ్యకూడదు. మనకు మందు, పిల్లికి అది ప్రాణం తీసే విషం.

ఇన్ని చేసినా ఒక రోజు అది పోతుంది. అప్పుడు చిన్నపిల్లలకు "నిద్రపోయింది", "ఎక్కడికో వెళ్లిపోయింది" అని చెప్పొద్దు. మొదటిది వింటే నిద్రంటే భయపడతారు, రెండోది వింటే రోజూ గుమ్మం దగ్గర ఎదురుచూస్తారు. చనిపోయింది, ఇక రాదు, నీ తప్పేం లేదు. ఈ మూడూ సూటిగా చెప్పాలి. ఏడిస్తే సబర్ లేనట్టు కాదు. కొడుకు ఇబ్రాహీం పోయినప్పుడు ప్రవక్త (స) కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. పెద్దవాళ్లను పట్టుకునేది ఇంకోటి: "నిన్ననే తీసుకెళ్లాల్సింది" అన్న నేరభావం. జంతువులు జబ్బును దాచుకుంటాయి. చూసేవాళ్లకు తెలిసేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

జంతువులకు జనాజా నమాజు లేదు, పాతిపెట్టొచ్చు. డ్రెయిన్‌లోనో కాలవలోనో పడెయ్యడం మానాలి. మన నేలలో కొంచెం తవ్వితే నీళ్లు ఊరతాయి. అందుకే తాగునీటి చెరువుకు, బోరుకు దూరంగా ఎత్తయిన చోటు చూసి, కుక్కలు తవ్వలేనంత లోతుగా గుంట తీయాలి. పిల్లాడు మట్టి వేస్తానంటే వెయ్యనివ్వండి. ఒక్క జాగ్రత్త: చనిపోయే ముందు పిచ్చిగా ప్రవర్తించి ఉంటే, ఎవరినైనా కరిచి లేదా గీరి ఉంటే, గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టాలి. ఆ కళేబరాన్ని ఒట్టి చేతులతో ముట్టకూడదు.

మరుసటి రోజే ఇంకో కూనను తెచ్చి పిల్లాడి ఒళ్లో పెట్టొద్దు. వాడి దుఃఖం సంగతి అలా ఉంచినా, పాత పిల్లి వాంతులు, విరేచనాలతో పోయి ఉంటే అది పాన్‌ల్యూకోపీనియా కావచ్చు. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా ఉంటుంది. పాత గిన్నెలు, పరుపు తీసేసి, నేలను బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. తర్వాత తెచ్చే కూనకు టీకాలు పూర్తయ్యాకే ఆ ఇంట్లోకి తేవాలి.