పాత స్పోర్ట్స్ కారుకు ‘రేసు’ క్లచ్ అవసరమా?

విజయవాడ: మూడో గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతుండగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిను హోరు పెరుగుతుంది, కారు వేగం మాత్రం పెరగదు. కాసేపటికి కాలిన వాసన మొదలవుతుంది. ఈ రెండూ కనిపించాయంటే క్లచ్ ప్లేటు అరిగిందని ఆటోనగర్‌లో పని నేర్చుకునే కుర్రాడైనా చెప్పగలడు. మామూలు కారైతే అదే రకం కొత్త సెట్టు వేయించుకుంటే సరిపోతుంది. పాతికేళ్లు దాటిన స్పోర్ట్స్ కారు యజమాని మాత్రం ఎలాగూ విప్పుతున్నాం కదా, ఇంకాస్త బలమైనది వేయిద్దామనుకుంటాడు. ఆ ఆలోచన తప్పు కాదు. అయితే ఏ బలం ఎంత, దాని వల్ల కలిగే ఇబ్బంది ఏమిటన్నది ముందుగా తెలుసుకోకపోతే వేలకు వేలు పోసి కారును మూలన పెట్టుకోవలసి వస్తుంది.

ఇంజిను వెనుక తిరిగే ఫ్లైవీల్‌కూ, స్ప్రింగు బలంతో నొక్కే ప్రెషర్ ప్లేటుకూ నడుమ క్లచ్ ప్లేటు బిగిసి ఉంటుంది. అది జారకుండా ఎంత శక్తిని గేరుబాక్సుకు అందించగలదన్నది ప్రధానంగా మూడింటిపై ఆధారపడుతుంది. అవి లైనింగ్ పట్టు, స్ప్రింగు ఒత్తిడి, ప్లేటు వ్యాసం. క్లచ్ బలం పెంచడమంటే వీటిలో ఒకదానినో, రెండింటినో పెంచడమే.

స్ప్రింగు ఒత్తిడి పెంచితే పెడల్ బరువెక్కుతుంది. బెంజి సర్కిల్ రద్దీలో అరగంట నిలిచి కదిలితే ఎడమ కాలు పట్టేస్తుంది. పెడల్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్ ముందుకు నెట్టబడుతుంది కనుక దాని థ్రస్ట్ వాషర్లపైనా భారం పెరుగుతుంది. ట్రయంఫ్ వంటి పాత బ్రిటిష్ కార్లకు ఇది పేరుమోసిన బలహీనత. ఇక సిరామిక్ ముక్కలు అతికించిన రేసు ప్లేటు వేడిని బాగా తట్టుకుంటుంది, గట్టిగా పట్టుకుంటుంది. కానీ ఆ పట్టు ఒక్కసారిగా వస్తుంది. బయలుదేరేటప్పుడు కారు కుదుపులతో దూకుతుంది, ఫ్లైవీల్ ముఖమూ త్వరగా అరుగుతుంది. ట్రాక్ మీద లోపమనిపించని ఈ గుణం ఊళ్లో నిత్య నరకం.

మాజ్డా చూపిన దారి

మిగిలినది వ్యాసం. దీనికి మాజ్డా ఎంఎక్స్-5 చక్కని ఉదాహరణ. 1989లో వచ్చిన ఈ రెండు సీట్ల కారు మన దేశంలో అధికారికంగా అమ్మకానికి రాకపోయినా విదేశాల్లో పాత కార్ల ప్రియులకు సుపరిచితం. తొలి 1.6 లీటర్ల ఇంజినుకు 200 మిల్లీమీటర్ల క్లచ్ ఉండేది. 1993లో వచ్చిన 1.8 లీటర్ల ఇంజినుకు కంపెనీ 215 మిల్లీమీటర్లది అమర్చింది. ఆ పెద్ద క్లచ్‌ను, దానికి సరిపోయే 1.8 ఫ్లైవీల్‌తో కలిపి 1.6 ఇంజినుకు బిగించవచ్చు. వ్యాసం 7.5 శాతమే పెరిగినా పట్టు పెరుగుతుంది, పెడల్ మాత్రం కంపెనీ కారులాగే ఉంటుంది. ఇంజిను బలం పెంచని కారుకు ఇంతకు మించి అవసరం లేదు. ఫ్లైవీల్ మార్చకుండా ప్లేటు ఒక్కటే పెద్దది తెస్తే అది కూర్చోదు.

గేరుబాక్సు దించడమే అసలు ఖర్చు. అందుచేత దించినప్పుడే రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, క్రాంక్ వెనుక ఆయిల్ సీలు మార్చించుకోవడం మేలు. ఆ సీలు కారితే ఎంత ఖరీదైన ప్లేటైనా నూనె తాగి జారుతుంది. ఫ్లైవీల్ ముఖంపై నీలి మచ్చలు, పగుళ్లు ఉన్నాయేమో చూసి లేత్ మీద చదును చేయించాలి.

దుమ్ముతో జాగ్రత్త

విడిభాగాలు దొరకని కార్ల సంగతి వేరు. గోవాలో తయారై, రెనో 1149 సీసీ ఇంజినుతో నడిచిన శాన్ స్టార్మ్ ఉత్పత్తి ఎప్పుడో ఆగిపోయింది. ఇటువంటి వాటికి పాత ప్లేటు రివెట్లు తీసి కొత్త లైనింగ్ కొట్టించడం ఒక మార్గం. పనితనం బాగుంటే ఇందులో తప్పు లేదు. ప్రమాదమంతా పాత లైనింగ్‌లోనే ఉంది. ఒకప్పటి క్లచ్ లైనింగులలో ఆస్బెస్టాస్ విరివిగా వాడేవారు. దాని దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో తేల్చింది. ఐరోపా సమాఖ్య 2005 నుంచి దాని వాడకాన్ని నిషేధించింది. పీల్చిన పోగులు ఊపిరితిత్తుల పొరల్లో దశాబ్దాల పాటు నిలిచి, ఆ తరువాత వ్యాధిగా బయటపడతాయి. కనుకనే షెడ్డులో దుమ్ము పీల్చిన కుర్రాడికి ఆనాడు ఏమీ తెలియదు.

గేరుబాక్సు దించగానే గాలి గొట్టంతో లోపలి నల్లదుమ్మును ఊదేయడం చాలా చోట్ల అలవాటు. అది మానాలి. తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయాలి. ముఖానికి కట్టుకునే చేతిరుమాలు ఆ పోగులను ఆపలేదు. కొత్త లైనింగ్ ఆస్బెస్టాస్ లేనిదేనా అని యజమాని అడిగి తీసుకోవాలి.

కొత్త క్లచ్ వేయించిన తరువాత తొలి 700, 800 కిలోమీటర్లు ఊళ్లోనే, తరచూ గేర్లు మారుస్తూ నెమ్మదిగా నడపాలి. ప్లేటు, ఫ్లైవీల్ ముఖాలు ఒకదానికొకటి ఒదిగేందుకు ఆ మాత్రం సమయం పడుతుంది. హైవే మీద ఒకే గేరులో నడిపిన దూరం ఈ లెక్కలోకి రాదు. తిరుమల కనుమ దారి ఎక్కించే ముచ్చట ఆ తరువాతే.