స్కాట్లండు జనాభా లెక్కలలో పాలేరు కుటుంబము

పందొమ్మిదవ శతాబ్దమున స్కాట్లండులో పొలము దున్నిన పాలేరు తన చరిత్రను తాను వ్రాసికొనుట అరుదు. పదియేండ్ల కొకసారి గణకుడు పుస్తకమున కెక్కించిన నాలుగైదు పంక్తులే పెక్కుమందికి మిగిలిన చరిత్ర.

1841లో పదునైదేండ్లు దాటినవారి వయస్సును అయిదేసి యేండ్ల లెక్కకు తగ్గించి వ్రాయుమనిరి. ముప్పదినాలుగేండ్లవాడు ముప్పదియేండ్లవా డయ్యెను! 1851 నుండి ఇంటిపెద్దతో చుట్టరికము, పుట్టిన పారిషు, అనగా చర్చి పాలనలోని గ్రామసీమ, చేరినవి. ఈ పుట్టినచోటి గడియే మనకు ముఖ్యము. పెండ్లియైన పాలేరు సామాన్యముగా ఏడాది యొడంబడికపై కుదిరెడివాడు. ఇల్లు కొలువుతో వచ్చును, కొలువుతో పోవును. కావుననే పెద్దపిల్ల ఒక పారిషులో, నడిమివాడు వేరొకదానిలో, చంటిబిడ్డ మూడవదానిలో పుట్టినట్లు తరచుగా కనబడును. ఆ యూళ్లను పటముపై వరుసగా కలిపినచో కుటుంబము సామానుతో సాగిన త్రోవ తేలును.

1861లో కిటికీగల గదులెన్నియని అడిగిరి. పాలేరుల యిండ్ల కెదురుగా ఒకటి, రెండు అను అంకెలే హెచ్చు.

1881లో గేలిక్ భాషను గూర్చి తొలిసారి అడిగిరి. కాని "అలవాటుగా" మాటలాడువారినే గుర్తింపుమనిరి. ఇంట గేలిక్కు, యజమానియొద్ద ఇంగ్లీషు మాటలాడు కొండసీమ పాలేరు ఏమని చెప్పవలెను? మన పిల్లలకు ఈ చిక్కు తెలియనిది కాదు. ఆ యేట లెక్కకు వచ్చినవారు 2,31,594. 1891లో ఆ మాట తొలగించి, రెండు భాషలు వచ్చినవారిని వేరుగా వ్రాయగా మొత్తము 2,54,415 అయ్యెను.