బియ్యపు మిల్లులో కంప్యూటరు

కంప్యూటరు అనగానే ఆఫీసు బల్లమీది పెట్టెయే మనకు తోచును. కర్మాగారములో అది ఇనుప బీరువాలో, తీగల నడుమ ఇమిడియుండును. మనిషి మీట నొక్కవలసినచోట అదియే నొక్కును. 1960 దశాబ్ది చివర అమెరికాలో మోటారుకార్ల కర్మాగారముల కొరకు రిచర్డ్ మోర్లీ మొదలగు ఇంజనీర్లు రూపొందించిన ఈ సాధనమునకు పి.ఎల్.సి. అని పేరు. అంతకు పూర్వము పని క్రమము మారినప్పుడెల్ల తీగలు విప్పి మరల కట్టవలసియుండెను. దీనికి ఆదేశములు మార్చిన చాలును. నేడు ఇట్టి సాధనములు మన బియ్యపు మిల్లులకును వచ్చినవి. రైతునకు దీనితో ఏమి పని అందురా? ధాన్యము ఎట్టిదో తుదకు తేల్చునది ఆ మిల్లే కదా!

ఆధునిక మిల్లులో జల్లెడ, పొట్టుతీయు షెల్లరు, పాలిషు యంత్రము ఒకదానివెంట ఒకటి నడచును. నడుమ ఒక ఎలివేటరు ఆగిపోయినచో, దాని వెనుకనున్న యంత్రములను పి.ఎల్.సి. వెంటనే ఆపివేయును. లేనిచో ధాన్యము పేరుకొని పొంగిపోవును. ఉప్పుడు మిల్లులో ఆవిరి వదలు కాలమును కూడ ఇదియే చూచుకొనగలదు.

అన్నిటికంటె వింతైనది రంగునుబట్టి గింజలనేరు యంత్రము. మిల్లువారు దీనిని సార్టెక్స్ అందురు. నిజమునకు అది ఒక కంపెనీ పెట్టిన పేరు. పాలిషైన బియ్యము ఏటవాలు గాడిలో పలుచని ధారగా జారిపడుచుండగా, దీపముల వెలుగులో కెమెరాలు ప్రతి గింజను పట్టి చూచును. నల్లమచ్చ, పసుపు రంగు, ఎర్రచార, పిండివలె తెల్లనైన పొట్ట, వీటికి హద్దును ఆపరేటరు ముందే పెట్టియుంచును. హద్దు దాటిన గింజ రాగానే కంప్యూటరు ఒక సన్నని గొట్టపు మూతను సెకనులో వేలవ వంతుల కాలము మాత్రమే తెరచును. గాలి ఆ గింజను ప్రక్క తొట్టిలోనికి నెట్టును. ప్రక్కనున్న మంచి గింజలు కొన్ని కూడ దానితో పోవును. కావున తొట్టిలోని బియ్యమును మరల ఒకసారి యంత్రములో పోయుదురు. హద్దు మరీ బిగించినచో మంచి బియ్యము పోవును, వదలినచో మచ్చబియ్యము సంచికెక్కును. ఇచట కంప్యూటరు కంటె ఆపరేటరు కన్నే ముఖ్యమని నా అభిప్రాయము.

ఇంత చూచెడి యంత్రమునకును ఒకటి చేతకాదు. విరిగిన గింజను అది అతుకలేదు. గింజ విరుగుట మిల్లులోనైనను, బీట తరచు పొలములోనో కళ్ళములోనో పడియుండును. కోత ఆలస్యమై గింజ పైరుమీదనే అతిగా ఎండుట, ఎండిన గింజ మంచుకో వానకో మరల తడియుట, తారురోడ్డుపై మిట్టమధ్యాహ్నము ఒక్కసారిగా ఎండుట దీనికి కారణములు. యాసంగి పంట వేసవి ఎండలలో పండును గనుక నూక మరింత. ఉప్పుడు చేసినచో ఆవిరికి గింజలోని పిండి ఉడికి బీట అతుకుకొనును.

ప్రభుత్వ ధాన్యమును మరపట్టు మిల్లు క్వింటాలునకు పచ్చిబియ్యమైన 67 కిలోలు, ఉప్పుడుబియ్యమైన 68 కిలోలు అప్పగింపవలెను. నూక ఎక్కువైనచో మిల్లువారికి ఆ లెక్క కుదరదు. తరుగు తగవులు కొన్ని ఇచటనే పుట్టుచున్నవి.

కొనుగోలు కేంద్రములో 17 శాతము వరకు తేమ అనుమతింతురు. 20 శాతము తేమగల 100 కిలోల ధాన్యము 17 శాతమునకు ఎండినచో 96 కిలోలకు పైగా తూగును; 14 శాతమునకు ఎండినచో 93 కిలోలే. కేంద్రమునకిచ్చు రైతు 17 శాతము లోపునకు వచ్చిన వెంటనే సంచులకెత్తుట మేలు, మిగిలిన మూడు కిలోలకు వేరుగా ధర రాదు. ఇంట నిల్వచేయువారు, సొంతముగా మరపట్టించుకొనువారు 14 శాతమునకు దింపవలెను. ఎవరైనను ధాన్యమును పట్టాలపై అంగుళము, అంగుళమున్నర మందమున పరచి, అరగంటకో గంటకో ఒకసారి తిరుగవేయవలెను. ఎండ ముదిరినప్పుడును, రాత్రి మంచుకును కప్పియుంచవలెను.

సంచులు కట్టుటకు ముందు 100 గింజలను చేతితో ఒలిచి, గాజుపలకపై పరచి, క్రింద టార్చిలైటు వేసి చూడుడు. అడ్డగీతలున్న గింజలు బీటవారినవి. అవి ఎన్నియో లెక్కించుడు. గ్రామాధికారులు తేమమాపకపు అంకెతోపాటు ఈ అంకెను కూడ రైతు చీటీపై వ్రాసియిచ్చినచో, మిల్లువద్ద నూక మాట వచ్చినప్పుడు చూపుటకు రైతు చేతిలో ఒక కాగితముండును.