సంతకం సాక్ష్యం చెప్పాలంటే

ధహ్రాన్‌లో మా ప్రయోగశాలకు నూనె నమూనా సీసా వచ్చిందంటే మేం మొదట చూసేది నూనెను కాదు, సీసా మీది చీటీని. ఎక్కడ తీశారు, ఏ తేదీన తీశారు, ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వచ్చింది? ఇవి లేకపోతే సీసాను పక్కన పెట్టేస్తాం. ఏళ్ళ తరబడి ఈ పని చేస్తున్నా, ఈ చిన్న నియమం మీద మనుషుల ఆస్తి, పరువు, ప్రాణం కూడా ఆధారపడి ఉంటాయని మా ఇంటి దావా దాకా నాకు తెలియలేదు.

నాన్నగారు పోయిన రెండో ఏడు, పశ్చిమ గోదావరిలోని మా ఊళ్ళో ఒకాయన అగ్రిమెంటు కాగితం ఒకటి బయటపెట్టాడు. ఎనభై సెంట్ల కొబ్బరితోట అమ్ముతానని నాన్నగారు సంతకం చేశారట! ఆ కాగితం మీది తేదీ నాటికి ఆయనకు పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. కుడిచెయ్యి వణికేది. కాగితం మీద సంతకం మాత్రం బడిలో మాస్టారుగా ఉన్ననాటిలా ముత్యాల్లా ఉంది. "నలభై ఏళ్ళు చూసిన సంతకం నాకు తెలీదట్రా!" అని అమ్మ ఒకటే ఏడుపు.

దస్తూరీ నిపుణుడొకరు కోర్టుకు వచ్చి, సంతకం నాన్నగారిదేనని చెప్పారు. మా వకీలుగారు చట్టం కంఠతా వచ్చిన పెద్దమనిషి. కాని ఆ నిపుణుణ్ణి ఏమడగాలో ఆయనకు తోచలేదు. "మీకెన్నేళ్ళ అనుభవం?" అని అడిగి కూర్చున్నారు. దావా పోయింది.

అప్పీలు తర్వాత కేసు మళ్ళీ విచారణకు వచ్చింది. ఈసారి వకీలుగారి జూనియరు, పాతికేళ్ళ అమ్మాయి, లేచి మూడే ప్రశ్నలు వేసింది. మీరు చూసింది అసలు కాగితమా, జిరాక్సా? పోల్చిన సంతకం ఏ సంవత్సరానిది? కలం ఎక్కడెక్కడ ఆగి లేచిందో చెప్పగలరా? నిపుణులవారు నీళ్ళు నమిలారు. చూసింది జిరాక్సు. పోల్చింది పదిహేనేళ్ళ నాటి సంతకంతో. కలం వత్తిడి, వణుకు, మధ్యలో ఆగిన చోట్లు జిరాక్సులో సరిగా తెలియవు. పైగా మనిషి సంతకం వయసుతో, జబ్బుతో మారుతుంది. అందుకే అదే కాలం నాటి సంతకాలతో పోల్చాలి. పింఛను కాగితాల మీద నాన్నగారి వణికిన సంతకాలు దొరికాయి. అసలు కాగితంతో పాటు వాటిని మళ్ళీ పరీక్షకు పంపారు. దొంగ సంతకమని తేలింది. తోట దక్కింది. అప్పటికి తొమ్మిదేళ్ళు గడిచాయి.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాను. "సెలవుల్లో ఒక శిక్షణ తరగతికి వెళ్ళానండీ, వారం రోజులు" అంది. వారం రోజుల చదువు తొమ్మిదేళ్ళ దావాను తేల్చింది!

నిపుణుడి మాట అభిప్రాయమే గాని తీర్పు కాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 45వ సెక్షను ఈ అభిప్రాయాల గురించే. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అది 39వ సెక్షను. ఆ అభిప్రాయాన్ని గీటురాయి మీద గీసి చూడవలసింది న్యాయవాదే. గీయడం రాకపోతే ఇత్తడి కూడా బంగారంగా చెల్లిపోతుంది.

ఈ విద్యలో మనవారికి లోటేమీ లేదు. వేలిముద్రల బ్యూరో 1897లోనే కలకత్తాలో వెలిసింది. ఇంగ్లండులో 1984లో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఏ. ముద్రలు కనిపెట్టిన నాలుగేళ్ళకే, హైదరాబాదు సి.సి.ఎం.బి.లో డాక్టర్ లాల్జీ సింగ్ మన దేశానికి సొంత పద్ధతి తయారుచేశారు. దానికి మూలం కట్లపాము డి.ఎన్.ఏ. నుండి దొరికిందంటే నమ్ముతారా? కేరళలోని తలశ్శేరిలో ఒక బిడ్డకు తండ్రి ఎవరో ఆ పరీక్షతోనే తేలింది. 1991లో కేరళ హైకోర్టు దాన్ని ఆమోదించింది. ఆ తర్వాత హైదరాబాదులోనే సి.డి.ఎఫ్.డి. అనే ప్రత్యేక సంస్థ వెలిసింది. రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది, కేంద్ర ప్రయోగశాలా అదే నగరంలో ఉంది.

అయినా ప్రయోగశాల ఒక్కటే చాలదు. 2007లో విజయవాడ దగ్గర హాస్టల్లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. డి.ఎన్.ఏ. సరిపోయిందని చెప్పి పోలీసులు ఒక యువకుణ్ణి పట్టుకున్నారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చిలో హైకోర్టు అతన్ని నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిపాడు. 2019లో ఆ అమ్మాయి అవశేషాలను సమాధి నుండి తీసి మళ్ళీ పరీక్షించవలసి వచ్చింది. ఆ తల్లి కడుపుకోతకు, ఈ కుర్రాడి యౌవనానికి వెల కట్టేదెవరు?

ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వెళ్ళి ఆధారాలు సేకరించాలని 2023 నాటి కొత్త చట్టం చెప్పింది. ఏర్పాట్లకు రాష్ట్రాలకు అయిదేళ్ళ గడువిచ్చింది. అంటే ఇకమీదట ప్రతి చిన్న ఊరి కోర్టుకూ ఈ నివేదికలు వస్తాయి. పోలీసులకు శిక్షణ సంస్థలున్నాయి, న్యాయమూర్తులకు అకాడమీ ఉంది. గాంధీనగర్‌లో 2020 నుండి జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం ఉంది. ఉస్మానియాలో ఎం.ఎస్సీ. ఉంది. తాలూకా కోర్టులో నల్లకోటు వేసుకునే సగటు వకీలుకు మాత్రం తెలుగులో చదువుకోవడానికి ఓ మంచి పుస్తకం చేతికందడం కష్టమే.

ఇది మనకెందుకంటారా? సముద్రం ఇవతల ఉండి పవరాఫ్ అటార్నీల మీద సంతకాలు చేసేది మనమే కదా! అసలు కాగితాలు భద్రంగా ఉంచండి. ఏటా చేసిన సంతకాల నకళ్ళు కాదు, అసళ్ళే నాలుగు దాచండి. ఫోనులోని సందేశాలు కోర్టులో చెల్లాలంటే ధ్రువపత్రం కావాలని మరచిపోకండి. సైన్సు చదివే పిల్లలకు, లా చదివే పిల్లలకు ఈ దారి కూడా ఉందని చెప్పండి.

ఇంకొక్క మాట. మనలో కెమిస్టులున్నారు, డాక్టర్లున్నారు, కంప్యూటరు నిపుణులున్నారు. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు అక్కడి బార్ అసోసియేషన్‌లో ఒక్క సాయంత్రం కూర్చుని, మనకు తెలిసింది తెలుగులో చెప్పవచ్చు. నేను కిందటి వేసవిలో వెళ్ళాను. పన్నెండు మంది వచ్చారు. సీసా మీది చీటీ కథ చెబితే రెండు గంటలు కదలలేదు. ముందు వరసలో కూర్చుని రాసుకున్నది ఎవరో తెలుసా? మా పాత వకీలుగారే!