మూత కింద పలుచని పొర

వేసవిలో రాయ్‌పూర్ ఎండ 45 డిగ్రీలను సమీపించే రోజులుంటాయి. అట్టి మధ్యాహ్నం మోవాలోని ఒక గదిలో కంప్యూటరు ఫ్యాను హోరెత్తితే ఆశ్చర్యమేమున్నది? గాలితో చల్లార్చే ప్రాసెసరు ఆ గాలికన్న చల్లబడజాలదు. వేడి మితిమీరితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది.

లోపలి సిలికాన్ పలకకూ, దానిపై లోహపు మూతకూ నడుమ 2011 నాటి శాండీ బ్రిడ్జ్ చిప్‌లలో ఇంటెల్ టంకం పెట్టింది. 2012 నాటి ఐవీ బ్రిడ్జ్‌లో థర్మల్ పేస్టుతో సరిపెట్టింది. ఔత్సాహికులు మూత ఊడదీసి పేస్టు మార్చగా ఉష్ణోగ్రత బాగా దిగింది. మూత అంచున ఉన్న జిగురు ఎడం పెంచి, పేస్టు పొరను మందం చేసిందని వారు గ్రహించారు. 2018లో తొమ్మిదవ తరం చిప్‌లు కొన్నింటిలో టంకం తిరిగి వచ్చింది.

కాని ఊడదీసేటప్పుడు చేయి జారితే చిప్పే పోతుంది. సామాన్యుడు అంత సాహసం చేయనక్కరలేదు. మూతపైన, హీట్‌సింకు కింద ఎండిన పేస్టును తుడిచి, కొత్తది పలుచగా పూస్తే చాలు.