స్త్రీలపై హింస, న్యాయస్థానాల స్పందన: జంషెడ్‌పూర్ నేర్పిన పాఠం

1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ తన కర్మాగారానికి సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల సంగమానికి చేరువలోని సాక్చీ గ్రామాన్ని ఎంచుకొన్నది. 1919లో ఆ చోటికి జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చింది. దేశం నలుమూలల నుండి శ్రామికులు అక్కడికి తరలివచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. నగరం పొలిమేర దాటగానే హో, సంతాల్, ముండా, భూమిజ్ జనుల గ్రామాలు మొదలవుతాయి. స్త్రీలపై జరిగే హింసను న్యాయస్థానం ఎట్లా స్వీకరించాలి అన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో కొంత భిన్నమైన చరిత్ర కలదు.

అక్కడ ఆ హింస తరచు 'డాయన్' అనే నిందతో ప్రారంభమవుతుంది. మంత్రగత్తె అని ఆ మాటకు అర్థం. చేతబడి, బాణామతి అనే మాటలు ఎరిగిన తెలుగు పాఠకునికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. ఊరిలో ఒక బిడ్డ జ్వరంతో మరణిస్తాడు, లేదా పశువులు చనిపోతాయి. ఓఝా అనబడే మంత్రవైద్యుడు కారకురాలిని 'గుర్తిస్తాడు'. అట్లా గుర్తింపబడే స్త్రీ అనేక సందర్భాలలో వితంతువు. భర్త వదలిన భూమిపై ఆమెకు బ్రతికినన్నాళ్లు హక్కు ఉండును. ఆమె లేకపోతే ఆ భూమి దాయాదులదగును. ఆ తరువాత కొట్టుట, వివస్త్రను చేసి ఊరేగించుట, మలమూత్రాలు త్రాగించుట, ఊరినుండి వెళ్లగొట్టుట, ఒక్కొక్కప్పుడు హత్య. దీనిని కేవలం మూఢవిశ్వాసంగా భావించుట పొరపాటు. గృహహింస, లైంగిక హింస, ఆస్తి అపహరణ ఈ మూడూ ఇందులో ఒకే ముడిగా పడి ఉన్నవి.

జంషెడ్‌పూర్‌కు పొరుగున ఉన్న సరాయికేలా ప్రాంతానికి చెందిన ఛుట్నీ మహతో ఈ నిందకు గురియై, 1995లో దాడిని ఎదుర్కొని, ఇల్లు విడిచిపోవలసి వచ్చింది. అనంతరం ఆమె తనవంటి స్త్రీలను కాపాడుటకే జీవితాన్ని అంకితం చేసింది. 2021లో ఆమెకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఆ రోజులలో ఇటువంటి ఫిర్యాదును విచారించుటకు ప్రత్యేక శాసనం లేదు. దెబ్బలు తగిలితే గాయపరచిన నేరం, చనిపోతే హత్యానేరం. వీటన్నిటికీ మూలమైన నింద మాత్రం చట్టం దృష్టికి రాలేదు. జంషెడ్‌పూర్‌లోని ఉచిత న్యాయసహాయ సమితి, అనగా ఫ్రీ లీగల్ ఎయిడ్ కమిటీ, 1990 దశకంలో ఈ లోపాన్ని గుర్తించి ఒక ముసాయిదా శాసనాన్ని రూపొందించింది. ఆ కృషి ఫలితంగా 1999లో బీహారులో డాయన్ ఆచార నిరోధక చట్టం వచ్చింది. 2000 నవంబరు 15న ఏర్పడిన జార్ఖండ్ రాష్ట్రం 2001లో దానిని స్వీకరించింది. దీని ప్రకారం ఒక స్త్రీని మంత్రగత్తె అని ప్రకటించుటయే నేరం. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చును, నేరస్థునికి బెయిలు హక్కుగా లభించదు.

శిక్షలు మాత్రం స్వల్పం. నింద వేసినవానికి మూడు నెలల వరకు ఖైదు, లేదా వేయి రూపాయల వరకు జరిమానా. హింసించినవానికి ఆరు నెలలు, లేదా రెండు వేలు. 'చికిత్స' పేరిట హింసించే మంత్రవైద్యునికి ఒక సంవత్సరం. ఈ చట్టం క్రింద మాత్రమే అభియోగం మోపితే ఒక స్త్రీ జీవితాన్ని ధ్వంసం చేసినవాడు ఒక చిన్న మొత్తంతో బయటపడే అవకాశం ఉన్నది. అందువలన న్యాయస్థానం ఎదుట ఏయే సెక్షన్లు చేర్చబడినవి అన్నది అతి ముఖ్యం. స్త్రీని వివస్త్రను చేయుటకు 2013 సవరణ మూడు నుండి ఏడు సంవత్సరాల శిక్ష విధించింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 76వ సెక్షను అదే. దర్యాప్తు అధికారి దానిని విస్మరిస్తే అభియోగాలు రూపొందించే దశలో న్యాయమూర్తి సరిచేయగలడు.

ఇక బ్రతికి బయటపడిన స్త్రీ సంగతి. నేరవిచారణ ఒకచోట, భరణం మరొకచోట, భూమి తగాదా ఇంకొకచోట. ఆమె అనుభవించినది ఒకే బాధ. చెప్పుకొనవలసినది మాత్రం పలుమారులు, పలువురి ఎదుట. 2005 గృహహింస చట్టం ఇక్కడ ఒక తోవ చూపింది. నిందించినవారు ఒకే ఇంటి కప్పు క్రింద కలిసి బ్రతికిన అత్తింటివారైతే, ఆమె మేజిస్ట్రేటును రక్షణ ఉత్తర్వు, నివాస ఉత్తర్వు, నష్టపరిహారం ఒకే దరఖాస్తుతో కోరవచ్చును. మొదటి విచారణ సాధారణంగా మూడు రోజులలో జరగాలి. అరువది రోజులలో తీర్పునకు ప్రయత్నించాలి. 26వ సెక్షను ప్రకారం ఇవే ఉపశమనాలను అప్పటికే నడుస్తున్న మరొక వ్యాజ్యంలోనైనా అడగవచ్చును. అంతగా ప్రచారానికి రాని ఈ సెక్షను ఆమె తిరగవలసిన గడపల సంఖ్యను తగ్గించగలదు. నింద వేసినవారు ఇరుగుపొరుగువారైతే ఈ చట్టం వర్తించదు.

జార్ఖండ్‌కే చెందిన ఒక వ్యాజ్యం ఇందుకు సంబంధించి చెప్పుకోదగినది. 2004లో అత్యాచారానికి గురియై, కాల్చబడిన ఒక యువతి మరణానికి ముందు ఆసుపత్రిలో వాంగ్మూలం ఇచ్చింది. క్రింది కోర్టు శిక్ష విధించింది. హైకోర్టు ఆ వాంగ్మూలాన్ని త్రోసిపుచ్చి నిందితుని విడుదల చేసింది. 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఆ వాంగ్మూలాన్ని స్వీకరించి శిక్షను పునరుద్ధరించింది. బాధితురాలికి 'రెండు వేళ్ల పరీక్ష' జరుపుట అశాస్త్రీయమనీ, ఇకపై దానిని జరిపేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్లే అనీ అదే తీర్పులో ప్రకటించింది. ఆ యువతి మాట చెల్లుబాటు కావడానికి పదునెనిమిది సంవత్సరాలు పట్టినది.

ఆ మాట ఏ భాషలో చెప్పబడుతుందన్నదీ స్వల్ప విషయం కాదు. సంతాలీ 2003లో రాజ్యాంగ సవరణ ద్వారా ఎనిమిదవ షెడ్యూలులో చేరింది. హో భాష చేరలేదు. హో స్త్రీ తన ఇంటి మాటలో చెప్పినది హిందీలోకి మారే సమయంలో, ఎవరు ఆమెను ఏమని పిలిచారో, ఎక్కడ ముట్టుకొన్నారో తెలిపే పదాలు పలుచబడిపోవచ్చును. అడ్డుప్రశ్నల సమయంలో న్యాయవాది పట్టుకొనేది ఆ తేడానే. సాక్షి మాటను సాధ్యమైనంతవరకు ఆమె పలికిన భాషలోనే నమోదు చేయుటకు చట్టంలో వీలున్నది. నిపుణుడైన దుబాసీ కావలెనని అడుగవలసినది ఆమె తరఫు న్యాయవాది. 1987 న్యాయసేవల ప్రాధికార చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కు కలదు. అందుకు ఆమె జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చును.